క్యాంటీన్ గోడ మీద అతని నంబరు

ముందే చెప్పేస్తే మంచిది. నాకు కుళ్లు ఎక్కువ. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పే పోటీలో నా పక్క పిల్లకు బహుమతి వస్తే, ఆ పిల్లకు జలుబు చేసి గొంతు పోవాలని మోకాళ్ల మీద ప్రార్థన చేసిన రకం నేను. వయసొస్తే అదే తగ్గిపోతుందని మా అమ్మ అనేది. వయసైతే వచ్చింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా కంపెనీ వ్యవసాయ మోటార్లకు ఫోన్ స్టార్టర్లు తయారు చేస్తుంది. బోరు దగ్గర ఒక డబ్బా, డబ్బాలో ఒక సిమ్ము. రైతు ఎక్కడున్నా సరే, తన ఫోన్లో పచ్చ బటన్ నొక్కితే పొలంలో మోటరు తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. నొక్కిన కాసేపటికి ఫోన్లోంచి ఒక ఆడగొంతు "మీ మోటరు ఆన్ అయింది" అనో, "మీ మోటరు ఆగింది" అనో చెబుతుంది.

ఆ గొంతు నాది. కంపెనీ ఇంకా ఒక రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో నేను టెస్టింగ్ బల్ల దగ్గర పనిచేసేదాన్ని. గొంతు కోసం బయటి నుంచి మనిషిని పిలిపించే స్తోమత లేక, నన్నే స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య నిలబెట్టి, పక్కన మిషన్లన్నీ ఆపించి రికార్డు చేశారు. ఆ సంగతి తెలిసినవాళ్లంతా కంపెనీ మానేసి వెళ్లిపోయారు. నేనుగా ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా గుర్తుపడితే బాగుండునని మాత్రం లోపల ఉండేది. మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, రోజూ పొద్దున్నే ఆ గొంతు వింటాడు, ఆదివారం చర్చిలో నాతో మాట్లాడతాడు. రెండూ ఒకటేనని ఆయనకు ఏనాడూ తట్టలేదు.

టెస్టింగ్ బల్ల నుంచి సర్వీసు ఫోన్ల దగ్గరికి, అక్కడి నుంచి ప్రాడక్ట్ మేనేజర్ కుర్చీలోకి వచ్చాను. ఆ మాట చెబితే చిన్నాయన "అంటే మేనేజర్‌కు పైననా, కిందనా?" అని అడిగాడు. పక్కన అని చెప్పాను. వస్తువు ఎట్లా ఉండాలో చూడటం, అనుకున్నట్టు పనిచేస్తోందో లేదో చూడటం నా పని. పనిచేస్తోందని ఊరికే అంటే ఎవరూ నమ్మరు, ఏదో ఒకటి కొలిచి చూపించాలి. ఏది కొలవాలో తేల్చుకోవడం, కొలిచినదాన్ని నలుగురికీ చెప్పడం, ఈ ఉద్యోగంలో సగం తలనొప్పి ఇక్కడే ఉంటుంది.

నా కొలత నాకు ఎప్పుడో దొరికింది. నొక్కిన మొదటిసారికే మోటరు తిరిగిందా, లేదా? సర్వీసు ఫోన్ల దగ్గర ఉన్నప్పుడు ఒకామె ఫోన్ చేసి, వానలో గొడుగు లేకుండా పొలం దాకా నడిచి వెళ్లి డబ్బా మూత తీయాల్సి వచ్చిందని తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. మేం అమ్మేదే ఆ నడక లేకుండా చేయడం. అందుకే నూరు నొక్కుళ్లలో ఎన్ని మొదటిసారికే పనిచేశాయో లెక్క తీసి, వారం వారం పట్టిక చేసి అందరికీ మెయిలు పెట్టేదాన్ని. ఆ మెయిలు ఎవరూ తెరవరని నాకు తెలుసు. అయినా పెట్టేదాన్ని.

చలికాలం చివర్లో అతను వచ్చాడు. సిటీలో, ఇంటికి కూరగాయలు పంపే యాప్ కంపెనీలో చేశాడట. నాలాగే ప్రాడక్ట్ మేనేజర్. నా ఆఖరి తమ్ముడి కంటే చిన్నవాడు. వచ్చిన రోజు "అక్కా" అన్నాడు, మర్నాటికి "నువ్వు" అన్నాడు, ఆ వారం తిరగకుండానే నా టిఫిన్ డబ్బాలో పల్లీల పచ్చడి వేలితో తీసుకుని నాకి "ఎంత మంచిగ జేసినవక్కా" అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా సందు ఇవ్వని మనుషులు కొందరుంటారు. అట్లాంటివాళ్లంటే నాకు అసలే పడదు.

డబ్బాలు బిగించే లైనులో చిట్కుల్ ఆడవాళ్లు, ఇస్నాపూర్‌లో గదులు కిరాయికి తీసుకుని ఉండే ఒడిశా, బిహారు మగవాళ్లు పనిచేస్తారు. ఎవరిది ఏ ఊరో, ఎవరి బిడ్డకు జ్వరమో కొన్నాళ్లలోనే అతనికి నోటికొచ్చేసింది. ఇన్నేళ్లలో నేను ఆ మగవాళ్లతో మాట్లాడిన హిందీ మొత్తం "యే ఠీక్ సే లగావ్", అంటే సరిగ్గా బిగించు, అన్న ఒక్క ముక్క. వాళ్లు నన్ను మేడమ్ అని నిలబడేవాళ్లు, అతన్ని భయ్యా అని కూర్చోబెట్టుకునేవాళ్లు. క్యాంటీన్ వడ్డించే ఆమె నాకు గరిటె ఎంత నిండితే అంతే వేసేది. అతని కంచంలో మాత్రం గరిటె రెండోసారి కూడా దిగేది.

పెద్దసారు, అంటే మా కంపెనీ యజమాని, ఒక రోజు మా ఇద్దరినీ పిలిచాడు.

"ఇద్దరు రెండు లెక్కలు జెప్తుంటే నేను ఎవరి మాట ఇనాలె? గోడ మీద ఒక్కటే నంబరు ఉండాలె. కంపెనీ మొత్తం దాన్నే సూడాలె. మీ ఇద్దరిట్ల ఏది పెడదామో చెప్పుండ్రి."

అతను ముందు మాట్లాడాడు. రోజుకు రైతులందరూ కలిసి ఎన్నిసార్లు నొక్కుతున్నారో అదే చూద్దామన్నాడు. "మనిషికి ఒక వస్తువు నచ్చితే ఊకె ముట్టుకుంటనే ఉంటడు సార్. నొక్కుళ్లు పెరుగుతున్నయంటే మనం నచ్చుతున్నట్టు."

"బోరు మోటరును ఎవలన్న ఇష్టపడి నొక్కుతరా?" అన్నాను నేను. "నీళ్లు గావాల్నని నొక్కుతరు. నొక్కితే తిరిగిందా లేదా, గది సూడాలె."

పెద్దసారు నా పట్టిక వైపు చూశాడు. "నీది మంచిదే గని, కదుల్తలేదమ్మా. ఎప్పుడు సూడు గాడనే ఉంటది. గోడకు పెడితే ఆగిపోయిన గడియారం లెక్క ఉంటది." ఇద్దరి వైపూ చూసి ఇంకో మాట కూడా అన్నాడు. "ఎండకాలం ఎల్లేదాక ఈయన నంబరు పెట్టి సూద్దాం. అప్పటికి గోడ మీద ఎవరి నంబరు నిలుస్తదో, స్టార్టర్ పని మొత్తం వాళ్ల చేతికే ఇస్త. రెండోవాళ్లు వాళ్ల కింద చెయ్యాలె."

అంటే నేను పుట్టినప్పటి నుంచి, అంటే కంపెనీ పుట్టినప్పటి నుంచి, చేతులు కాల్చుకుంటూ చూసుకున్న డబ్బా పని మొన్న వచ్చిన పిల్లగాడి చేతికి పోతుంది. అతను సంతకం పెడితే గానీ నాకు సెలవు దొరకదు. బయటికి రాగానే అతను "మంచిగుంటది గదా అక్కా, పోటీ లెక్క" అని నవ్వాడు. నేనూ నవ్వాను. దవడలు నొప్పి పెట్టాయి.

మా దగ్గర సోమవారం ఒక పద్ధతి ఉంది. పొద్దున టిఫిన్‌కు ముందు అందరం క్యాంటీన్లో నిలబడాలి. చేతులు కడుక్కునే నల్లాల పక్కన గోడకు టీవీ ఉంటుంది. దాని మీద నంబరు ఎవరిదైతే వాళ్లే ముందుకొచ్చి గట్టిగా చదవాలి, ఇంకొకరు నోరు పెట్టకూడదు. పెరిగితే సాయంత్రం చాయ్‌తో అందరికీ మిర్చి బజ్జీలు, తగ్గితే ఉత్త చాయ్. పూర్వం లైను సూపర్‌వైజరు ఎన్ని డబ్బాలు తయారయ్యాయో పాఠం అప్పజెప్పినట్టు చదివి వెళ్లిపోయేవాడు. ఎవరూ వినేవాళ్లు కాదు.

అతను చదవడమే వేరు. ముందు టీవీకి అడ్డంగా నిలబడి "చెప్పుండ్రి, పెరిగిందా, తగ్గిందా?" అని అడిగేవాడు. చిట్కుల్ ఆడవాళ్లు ఒకవైపు, ఒడిశా మగవాళ్లు ఒకవైపు అరిచేవాళ్లు. అప్పుడు పక్కకు జరిగేవాడు. పచ్చటి అంకెలు. ఒకటే కేకలు. నా పట్టికలో అంకెలూ అంకెలే, అతని గోడ మీద అంకెలూ అంకెలే, కానీ నా అంకెల కోసం ఒక్కరూ నోరు తెరిచి అరవలేదు. నేను కొలవడం నేర్చుకున్నాను, అతను కొలిచినదాన్ని నలుగురితో పంచుకోవడం నేర్చుకుని వచ్చాడు. ఆ సంగతి అర్థం కావడం వల్ల కుళ్లు తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకా పెరుగుతుంది.

వారం వారం నంబరు పెరిగింది. వారం వారం బజ్జీలు. తినకపోతే ఏడుస్తోందనుకుంటారని తినేదాన్ని. తింటే అరిగేది కాదు. రుద్రారం వైపు నుంచి వచ్చే బస్సులో కాలేజీ పిల్లల మధ్య నిలబడి ఇంటికి పోతుంటే, వాళ్లు ఫోన్లు నొక్కుతున్న చప్పుడు కూడా అతని నంబరు పెరుగుతున్న చప్పుడే అనిపించేది. లైనులో పనిచేసే ఒకతను నాకు ఎదురొచ్చి "మేడమ్, ఆజ్ భయ్యాకా కిత్నా హువా?" అని ఆశగా అడిగాడు. నా నంబరు ఎంతో నన్నెవరూ అడగలేదు. ఈసారి ప్రార్థనలో ఎవరికీ జలుబు అడగలేదు. ఒక్క వారం, ఒకే ఒక్క వారం నంబరు కింద పడాలని మాత్రం అడిగాను.

పడలేదు. మధ్యలో అకాల వర్షం కురిసింది. చేలన్నీ తడిసి ముద్దయ్యాయి, రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. ఈ వారం ఎవరు మోటరు నడుపుతారని నేను లోలోపల గంతులేశాను. సోమవారం అతను టీవీ ముందు నుంచి జరిగితే, అంకెలు మళ్లీ పైకే పోయాయి. క్యాంటీన్ దద్దరిల్లింది. నాకు మాత్రం మొదటిసారి అనుమానం తగిలింది. వానలో నీళ్లు ఎవరికి కావాలి?

ఆ వారంలోనే పెళ్లి వచ్చింది. మా చిన్నమ్మ తమ్ముడి కొడుక్కి, చిట్కుల్ దాటాక ఉన్న ఊరి చర్చిలో. చిన్నమ్మ చెల్లెలి భర్త కూడా వచ్చాడు. అంటే చిన్నాయనకు సడ్డకుడు. ఒకే ఇంటి అల్లుళ్లు ఇద్దరూ. ముప్పై ఏళ్లుగా ఒకరు బనీను కొంటే ఇంకొకరు చొక్కా కొంటారు. ఆ ఇంట్లో అల్లుడికి పెట్టే కూరలో ముక్కలు ఎవరికి ఎక్కువ పడ్డాయో ఇద్దరికీ జ్ఞాపకమే. చిన్నాయన మా కంపెనీ డబ్బా పెట్టించుకుని గొప్పలు చెబుతుంటే, సడ్డకుడు కూడా ఈ ఎండాకాలమే ఒకటి పెట్టించుకున్నాడు.

చర్చిలో ప్రమాణాలయ్యాయి, ఉంగరాలు మార్చుకున్నారు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, కొత్త జంట కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడుగు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు మగవాళ్ల వరసలోంచి, స్పష్టంగా, నా గొంతు వినిపించింది.

"మీ మోటరు ఆన్ అయింది."

అయ్యగారు కళ్లు తెరవకుండా గొంతు కొంచెం పెంచారు. అంతలోనే వెనక వరసలోంచి మళ్లీ నా గొంతే.

"మీ మోటరు ఆన్ అయింది."

అది సడ్డకుడి ఫోను. ఒక్క క్షణం ఆగి ముందు వరసలోంచి, "మీ మోటరు ఆగింది." వెనక నుంచి జవాబుగా, "మీ మోటరు ఆగింది." పెళ్లికూతురి భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. చిన్నమ్మ ఆడవాళ్ల వైపు నుంచి మెడ తిప్పి చూసిన చూపుకు మామూలు మనిషైతే అక్కడే కూలిపోవాలి. చిన్నాయన భక్తిగా కళ్లు మూసుకునే ఉన్నాడు, బొటనవేలు మాత్రం జేబులో ఉంది. ఎవరో గట్టిగా ఆమెన్ అని ఆ ప్రార్థనను ఒడ్డుకు చేర్చారు.

బయట షామియానా కింద బగారన్నం, మటన్ వడ్డిస్తున్నారు. చిన్నాయన చుట్టూ నలుగురైదుగురు చుట్టాలు ప్లాస్టిక్ కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు.

"సూడుండ్రి, ఈడ కూసున్న. నా మోటరు ఏడున్నది? ఆడ. గిప్పుడు సూడుండ్రి." నొక్కాడు. నా గొంతు పలికింది. అందరూ "అబ్బో" అన్నారు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పలికింది.

అప్పుడు నేనొకటి గమనించాను. నొక్కుతున్నప్పుడు చిన్నాయన ఫోను వైపు చూడటం లేదు. పక్క కుర్చీలో ఉన్న సడ్డకుడి ముఖం వైపు చూస్తున్నాడు. సడ్డకుడి ఫోనుకు షామియానా కింద సిగ్నల్ అందడం లేదు, ఎంత నొక్కినా గుండ్రంగా తిరుగుతోందే తప్ప పలకడం లేదు. అతని ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూసి చిన్నాయన కడుపు నిండినవాడిలా వెనక్కి ఆనుకుని, వడ్డించేవాడిని పిలిచి ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు.

చిన్నాయనకు ఫోన్ వచ్చింది. పక్క చేను ఆయన. "ఏందే, మీ మోటరుకు దయ్యం పట్టిందా? ఊకె సురువైతుంది, ఊకె ఆగుతుంది!"

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "చిన్నాయినా, వాన పడ్డది గదా. నీళ్లెందుకు?"

"నీళ్లా? నీళ్లకు గాదు బిడ్డా." గొంతు తగ్గించి సడ్డకుడి వైపు కనుబొమ్మ ఎగరేశాడు. "గాయన కోసం."

"ఈ ఒక్క పెండ్లిల్నేనా?"

"ఏ పెండ్లి అయితేంది? దావత్‌కు పోతే నాలెక్కటోళ్లు ఇద్దరు ముగ్గురుంటరు. వాళ్లు నొక్కంగ మనం సూస్కుంట కూసుంటమా?"

నా ప్రాణం లేచొచ్చింది. అంత పెద్ద బగారన్నం కుప్ప ఎప్పుడు తిన్నానో తెలియకుండా తినేశాను. మర్నాడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని నొక్కుళ్లన్నీ బయటికి తీశాను. నీళ్లు కావాల్సినవాళ్లు పొద్దున్నే ఒకసారి నొక్కుతారు, పారించుకున్నాక ఒకసారి నొక్కి ఊరుకుంటారు. ఆ లెక్క ఎప్పుడూ ఉన్నట్టే ఉంది, వాన పడ్డ వారంలో తగ్గింది కూడా. పెరిగిందంతా పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో, సరిగ్గా భోజనాల వేళ, ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అని వెంటవెంటనే నొక్కినవే. అతని నంబరు మోటార్లను లెక్కపెట్టడం లేదు. మా జిల్లా అల్లుళ్ల కుళ్లును లెక్కపెడుతోంది. కుళ్లు సంగతి కాబట్టి నాకు కాకపోతే ఇంకెవరికి దొరుకుతుంది?

ఆదివారం ప్రార్థనలో దేవుడికి మనస్ఫూర్తిగా వందనాలు చెప్పాను. అద్దం ముందు నిలబడి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అతని వైపు తిరగాలో చూసుకున్నాను. ఇంకొకరి నంబరు గురించి సోమవారం నోరెత్తడం మా పద్ధతి కాదు. ఆ పద్ధతి తప్పడానికి కూడా సిద్ధపడ్డాను.

సోమవారం అతను చదివాడు. అంకెలు మళ్లీ పైకే. కేకలు తగ్గగానే నేను ముందుకు నడిచి "సార్, ఒక్క మాట" అన్నాను. పెద్దసారు తలూపాడు. చర్చి సంగతి మొదలుపెట్టి, షామియానా దాకా వచ్చి, చివరికి ముహూర్తాల లెక్క టీవీ మీద చూపించాను. అల్లుళ్ల దగ్గరికి వచ్చేసరికే క్యాంటీన్ పడీ పడీ నవ్వుతోంది. అద్దం ముందు అనుకున్న చోట ఆగి, అతని వైపు తిరిగాను. ఆ క్షణం కోసమే ఇన్ని వారాల బజ్జీలు మింగాను.

అతను నవ్వుతున్నాడు. ఊరికే మర్యాదకు కాదు, బెంచీ మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "అక్కా, గా చర్చి ముచ్చట ఇంకొక్కసారి జెప్పవా" అన్నాడు. తర్వాత లేచి నిలబడి పెద్దసారు వైపు తిరిగాడు.

"సార్, నాది తీసేద్దాం. ఇది మోటరు లెక్క కాదు, షోకు లెక్క. అక్క మొదట్నే చెప్పింది, నేనే ఇనలే. నొక్కితే తిరిగిందా లేదా, గదే పెట్టుండ్రి." ఎవరూ చెప్పకముందే టీవీ దగ్గరికి వెళ్లి తన అంకెలు తానే తీసేశాడు.

పెద్దసారు నన్ను చూసి "బాగ పట్టినవమ్మా. స్టార్టర్ పని ఇగ నీదే" అన్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి మాత్రం చాలాసేపు తట్టాడు. చప్పట్లు మోగాయి. ఎవరి కోసం మోగాయో తెలియనంత మూర్ఖురాలిని కాను. మధ్యాహ్నం వడ్డిస్తూ క్యాంటీన్ ఆమె నాతో అంది, "ఎంత మంచి పిల్లగాడమ్మా. నీ కోసం ఇడిసిపెట్టిండు."

నా కోసం విడిచిపెట్టాడట! కనిపెట్టింది నేను, లెక్క తీసింది నేను, గెలిచింది నేను. ఊరికే నిలబడి నవ్వినందుకు మంచితనం అతని ఖాతాలో పడింది. ఆ రోజు నా కంచంలో ఏం వేశారో, ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

అక్కడితో ఆగాడా, అదీ లేదు. చిన్నాయనను చూడాలని నా వెంట పడ్డాడు. ఆదివారం ఆరాధన అయ్యే వేళకు బండి మీద చర్చి దగ్గరికి వచ్చేశాడు. చిన్నాయనతో చేను గట్టు మీద కూర్చున్నాడు, చిన్నమ్మ చేసిన కోడికూర మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. చిన్నాయన మురిసిపోయి ఫోను తీసి పచ్చ బటన్ నొక్కాడు.

"మీ మోటరు ఆన్ అయింది."

అతను అన్నం కలిపే చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "అక్కా, ఇది నీ గొంతు గదా!"

చిన్నాయన ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అరె, అవునే! ఇన్నొద్దులు మా బిడ్డనే మాట్లాడుతున్నదా నాతోని?" అన్నాడు. చిన్నమ్మ పరుగున వచ్చి తనూ విన్నది. ఇన్నేళ్లుగా ఎవరో ఒకరు గుర్తుపట్టాలని నేను ఎదురుచూసిన మాట అది. గుర్తుపట్టినవాడు ఆ పిల్లగాడే కావాలా? నాకు ఏడుపొచ్చింది. సంతోషం కూడా కలిసింది కాబట్టి ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు చిన్నాయన మోటరుకు ఏ ఇబ్బంది వచ్చినా అతనికే ఫోన్ చేస్తాడు. "నువ్వు బిజీగుంటవ్ గదా బిడ్డా" అంటాడు నాతో.

స్టార్టర్ పని నా చేతికి వచ్చింది. అతని సెలవులకు ఇప్పుడు నేను సంతకం పెడతాను. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో సిమ్ములు మార్చాం. ఆ ఊళ్లన్నీ అతనే తిరిగాడు, ఒక్కసారి కూడా సణగలేదు. వానలు మొదలయ్యాక ఒక సోమవారం, ఎన్నాళ్లుగానో కదలని నా నంబరు కదిలింది. కొంచెమే, కానీ పైకి.

టీవీ ముందు నిలబడ్డాను. ముందుగా ఊహించమని అడగడం నాకు చేతకాదు. గొంతు సవరించుకుని చదివేశాను. చదువుతున్నప్పుడు నేను టీవీ వైపు చూడటం లేదని, అతని ముఖం వైపే చూస్తున్నానని సగంలో నాకే తెలిసింది. షామియానా కింద చిన్నాయన చూసిన చూపు అదే. నేను పెద్దగా ఏమీ అడగడం లేదు. కనుబొమ్మ ఒక్కటి ముడిపడినా చాలు, పెదవి చివర కొంచెం వంగినా చాలు. సడ్డకుడి ముఖంలో చిన్నాయనకు దొరికిన దాంట్లో పావు వంతు దొరికినా నేను ఆ రోజు కడుపు నిండా తినేదాన్ని.

నా మాట పూర్తి కాకముందే అతను చప్పట్లు మొదలుపెట్టాడు. అతన్ని చూసి లైను మొత్తం కొట్టింది. సాయంత్రం బజ్జీల పళ్లెం తనే పట్టుకొచ్చి "ముందు నువ్వు తీసుకో అక్కా" అన్నాడు. బజ్జీ చేతిలోకి తీసుకుని ఇంకా చూస్తూనే ఉన్నాను.

"ఏందక్కా గట్ల జూస్తున్నవ్? నా మొహానికి ఏమన్న అంటిందా?" అని అతను భుజంతో చెంప తుడుచుకున్నాడు.

ఏమీ అంటలేదు. నా ఏడుపంతా అదే.